సుద్దులు రైతుకు, సబ్సిడీ బస్తాకు

2025 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తెలుగు రాష్ట్రాల్లో సొసైటీ గోదాముల ముందు కనిపించిన దృశ్యాలను రైతులు అంత తొందరగా మరచిపోరు. తెల్లారక ముందే వచ్చి వరుసలో చెప్పులు పెట్టారు, పాసుపుస్తకాలు పెట్టారు, ఆధార్ జిరాక్సు మీద రాయి పెట్టి పోయి చెట్టు కింద కూర్చున్నారు. వరి పిలకలు వేసే వేళ పొలం పని మానుకుని ఒక్క బస్తా యూరియా కోసం పడిగాపులు కాశారు. మరోవైపు, యూరియా తగ్గించండి, నేలతల్లిని కాపాడండి అంటూ వేదికల మీద ప్రసంగాలు ఎప్పటిలాగే సాగుతున్నాయి. చెప్పే మాటలో తప్పు లేదు. రైతును ఆ బస్తాకు అలవాటు చేసింది ఎవరన్నదే ప్రశ్న.

45 కిలోల యూరియా బస్తా రూ.266.50. ఏళ్లుగా ఆ ధర కదలలేదు. 50 కిలోల డీఏపీ రూ.1,350. రెండూ పక్కపక్కనే ఉంటే చేతిలో డబ్బు ఆడని రైతు దేన్ని ఎత్తుకుంటాడో చెప్పడానికి శాస్త్రవేత్తలు అక్కర్లేదు. యూరియా పడ్డ నాలుగు రోజులకే పైరు నల్లగా ఎక్కుతుంది, కంటికి ఇంపుగా ఉంటుంది. అలా మెత్తబడిన పైరు మీదికే సుడిదోమ వస్తుంది. దోమకు మందు, మందుకు అప్పు. ఈ వరుసంతా రైతుకు తెలియనిది కాదు. అయినా చౌకగా దొరికేది అదొక్కటే.

ఎరువుల సబ్సిడీకి కేంద్రం ఏటా లక్షన్నర కోట్ల రూపాయలకు పైగా ఖర్చు పెడుతోంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు రాష్ట్రాల వాటాతో కలిపి రూ.2,481 కోట్లు. ఆ డబ్బుతో 7.5 లక్షల హెక్టార్లకు, కోటి మంది రైతులకు చేరతామన్నారు. ప్రభుత్వం మనసు ఎటు ఉందో ఉపన్యాసం వింటే తెలియదు, పద్దు చూస్తే తెలుస్తుంది. 2023లో పీఎం ప్రణామ్ అనే పథకం తెచ్చారు. రసాయన ఎరువుల వాడకం తగ్గిస్తే మిగిలిన సబ్సిడీలో సగం ఆ రాష్ట్రానికి ఇస్తామన్నారు. మంచిదే. కానీ యూరియా చల్లడం మానేసి దిగుబడి పోతుందేమోనన్న టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్రపట్టక దొర్లేది రాష్ట్రం కాదు, రైతు. ఆ సగంలో సగమైనా పొలం గట్టు దాకా రావాలి.

ఈ విషయంలో మనం ఎవరినో చూసి నేర్చుకోవాల్సిన పని లేదు. 1997-98లో వరంగల్ పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కుదిపేశాయి. లద్దె పురుగు మందుకు లొంగలేదు, దుకాణంలో అప్పు పేరుకుంది, పంట చేతికి రాలేదు. చాలా ఊళ్లలో మందు అరువిచ్చేవాడే పత్తి కొనేవాడు కూడా. అలాంటి పత్తి చేలలోంచే ఖమ్మం జిల్లా (ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం) పునుకుల గ్రామం పురుగుమందు లేకుండా సాగు చేసి చూపించింది. వేపగింజల కషాయం, మగ పురుగులను రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు, గట్ల మీద ఆముదం, చేను మధ్యలో బంతి. ఇందులో ప్రయోగశాల రహస్యం ఏదీ లేదు. ఖర్చు తగ్గి నాలుగు రాళ్లు మిగిలేసరికి పక్క చేను రైతు కూడా గట్టు మీదికి వచ్చి చూశాడు. జనగామ ప్రాంతంలోని ఏనెబావి మరో అడుగు వేసి రసాయన ఎరువులనూ వదిలేసింది. 2004-05 తర్వాత ఈ పద్ధతిని మహిళా సంఘాల ద్వారా ఉమ్మడి రాష్ట్రం ఊరూరికీ తీసుకెళ్లింది.

దాని కొనసాగింపే ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయం. 2016లో మొదలైన ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ పురస్కారం దక్కింది. ఈజిప్టులోని సెకెం సంస్థతో, నేల శాస్త్రవేత్త రతన్ లాల్‌తో కలిసి పంచుకున్నారు. ప్రపంచం మెచ్చుకున్నందుకు సంతోషిద్దాం. అయితే 2018లో ప్రకటించిన లక్ష్యం 2024 నాటికి 60 లక్షల మంది రైతులు. ఆ గడువు నాటికి నమోదైనవారు పది లక్షల దరిదాపుల్లోనే ఉన్నారు. వారిలోనూ ఒక పొలంలో ఒక ముక్కను మాత్రమే ఈ పద్ధతిలోకి తెచ్చినవారున్నారు. ఇది ఓటమి అనం. పదేళ్లలోపే ఇంతమంది రైతులు అలవాటు మార్చుకోవడం చిన్న విషయం కాదు. అలాగని ఏటా అంకెలు పెంచి చూపించుకుంటే అసలు అడ్డంకులు కనబడకుండా పోతాయి.

ఆ అడ్డంకుల్లో మొదటిది పని. రసాయన ఎరువుకు బదులు నేలకు పారించే జీవామృతం తయారీ కాగితం మీద తేలిక. రెండు వందల లీటర్ల డ్రమ్ములో నీళ్లు, పది కిలోల పేడ, ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గుప్పెడు పుట్టమన్ను. రోజూ కర్రతో కలియతిప్పాలి, రెండు మూడు రోజులు పులియనివ్వాలి, వడకట్టి పారించాలి. ఎకరాకు ఒక డ్రమ్ము, పంట కాలంలో ఎన్నోసార్లు. ట్రాక్టర్ వచ్చాక ఎద్దులు పోయాయి, మేత లేక ఆవులు పోయాయి. పేడ కూడా కొనుక్కునే ఊళ్లు ఇప్పుడు బోలెడు. పేడ ఎత్తేది, పిండి విసిరేది, మూత్రం పట్టేది ఎక్కువగా ఆ ఇంటి ఆడవాళ్లే. పెట్టుబడి సున్నా అని లెక్క రాసినవారు ఆమె కూలిని ఏ ఖాతాలో రాశారు? బస్తా కోసి చల్లడానికి ఒక పూట చాలు. ఈ తేడాను ఒప్పుకోకుండా రైతుకు బద్ధకమని తేల్చేయడం అన్యాయం. కేంద్ర మిషన్ కింద పెడతామన్న పది వేల జీవ ఉత్పాదక వనరుల కేంద్రాలు నిజంగా తెరుచుకుని, కషాయాలూ ఘనజీవామృతమూ (జీవామృతం లాంటిదే, పొడి ఎరువు రూపంలో) మండలంలో కాక ఊళ్లోనే సరసమైన ధరకు దొరికితే సగం బరువు దిగుతుంది. వాటిని సంఘాల మహిళలకే అప్పగిస్తే ఇన్నాళ్లూ ఊరికే పోయిన వాళ్ల చాకిరీకి కూలి కూడా గిట్టుతుంది.

రెండో అడ్డంకి కౌలు. దీని గురించి మాట్లాడటం ప్రభుత్వాలకు ఇష్టం ఉండదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో పొలంలో దిగేవాడు ఒకరు, పాసుపుస్తకం ఇంకొకరిది. ఎకరాకు ఇన్ని బస్తాలని కౌలు ముందే ఖాయం. నేలలో వానపాములు తిరిగి రావడానికి, మట్టి గుల్లబారడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఏడాది ఒప్పందం మీద దున్నేవాడు మూడో ఏటి ఫలితం కోసం మొదటి ఏడు దిగుబడిని ఎందుకు పణంగా పెడతాడు? నేల బాగుపడ్డాక యజమాని కౌలు పెంచవచ్చు, ఎక్కువ ఇచ్చే మరొకరికి అప్పగించవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు కార్డు రావాలంటే యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. సంతకం అడిగితే పొలమే ఇవ్వరేమోనని అడగనివారే ఎక్కువ. కార్డు లేనివాడికి బ్యాంకు రుణం లేదు, నష్టం వస్తే పరిహారం లేదు. అతడికి మిగిలేది మళ్లీ ఎరువుల దుకాణం అప్పే.

హక్కు మారితే ఏమవుతుందో చూడాలంటే ఆఫ్రికాలోని నైజర్‌ను చూడవచ్చు. సహారా అంచున ఉన్న ఆ నిరుపేద దేశంలో చెట్టు ప్రభుత్వానిది అన్న నిబంధన చాలాకాలం ఉండేది. చేలో మొలిచిన మొక్క మీద తనకే హక్కు లేనప్పుడు దాన్ని కాపాడాలని ఏ రైతు అనుకుంటాడు? 1980ల నుంచి మరాడి ప్రాంతంలో కొత్త మొక్కలు నాటడం మాని, భూమిలో మిగిలిన పాత మొద్దుల చిగుళ్లనే పెంచడం మొదలుపెట్టారు. చెట్టు కొమ్మ మీద, కట్టె మీద రైతుకు హక్కుందన్న నమ్మకం కుదిరాక అది ఊరి నుంచి ఊరికి పాకింది. సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి లేచాయి. పెద్ద నిధులు లేవు, నర్సరీలు లేవు.

తొందరపాటు ఏం చేస్తుందో పక్కనే ఉన్న శ్రీలంక చూపించింది. విదేశీ మారకం కరిగిపోతున్న 2021లో గొటబాయ రాజపక్స ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రి నిషేధించింది. ప్రత్యామ్నాయ ఎరువు లేదు, శిక్షణ లేదు. వరి దిగుబడి పడిపోయింది, తేయాకు దెబ్బతింది. నవంబరుకల్లా నిషేధం ఎత్తేయక తప్పలేదు. సేంద్రియ సాగు పేరెత్తితే చాలు శ్రీలంకను చూపించి భయపెట్టేవారు ఇక్కడ కూడా తయారయ్యారు. అక్కడ బెడిసికొట్టింది రైతును అడగకుండా రాజధానిలో గీసిన గీత. పునుకులలో నిర్ణయం తీసుకున్నది రైతులే.

ఇంటి సంగతీ ఇంతే. 1980ల నుంచి పొగలేని పొయ్యిలను దేశమంతటా కోట్లలో పంచారు. కొన్నాళ్లకే గొట్టంలో మసి పేరుకుంది, మట్టి పగిలింది, బాగుచేసే మనిషి రాలేదు. మన ఆడవాళ్లు వాటిని పక్కన పెట్టి మూడు రాళ్ల పొయ్యికే తిరిగొచ్చారు. గోబర్ గ్యాస్‌దీ దాదాపు అదే కథ. నిజానికి వంటింటినీ పొలాన్నీ కలిపే ఏర్పాటు ఇంతకన్నా మంచిది మరొకటి లేదు. పేడ నుంచి మంట వస్తుంది, మిగిలిన స్లర్రీ చేనుకు ఎరువవుతుంది. అయితే రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజూ యాభై కిలోల దాకా పేడ కావాలి, అంటే నాలుగైదు పశువులుండాలి. అన్ని పశువులు లేని ఇళ్లలో కూడా సబ్సిడీ టార్గెట్ కోసం గుంత తవ్వి డోము కట్టారు. డోముకు పగులు వస్తే పూడ్చే మేస్త్రీ ఆ చుట్టుపక్కల దొరకలేదు.

సిలిండర్ విషయంలో దేశం చాలా దూరం వచ్చింది. ఉజ్వల కింద పది కోట్లకు పైగా కనెక్షన్లు ఇచ్చారు. కానీ ఆ ఇళ్లలో ఏడాదికి వాడే సిలిండర్లు సగటున నాలుగు దరిదాపుల్లోనే ఉన్నాయి. అంటే పండక్కి, చుట్టాలకు, టీకి గ్యాస్. అన్నానికి, నీళ్ల కాపుకు కట్టెలు. ఆంధ్రప్రదేశ్ దీపం-2 కింద మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తోంది, తెలంగాణ రూ.500కే ఇస్తోంది. వీటిని ఓట్ల కోసం చేసే పంపకమని వెక్కిరించేవారు ఒక్క పూట కట్టెల పొయ్యి ముందు కూర్చుని చూడాలి. అయితే నాలుగో సిలిండరు నుంచి ఏం చేయాలన్నది ఇంకా తేలలేదు.

బంగ్లాదేశ్ ఈ చిక్కును ఒక చోట తెలివిగా దాటింది. 2003 నుంచి కరెంటు లేని పల్లెల్లో 40 లక్షలకు పైగా ఇళ్లకు చిన్న సోలార్ సెట్లు వాయిదాల మీద చేర్చింది. నెలనెలా వాయిదా వసూలుకు వచ్చే మనిషి సంస్థ తరఫువాడే కాబట్టి బ్యాటరీ పాడైతే ఆ ఇల్లాలు అతడినే నిలదీసేది. బాగుచేస్తేనే వాయిదా. మన పథకాల్లో వస్తువు ఇచ్చాక మళ్లీ ఆ గడప తొక్కే బాధ్యత ఎవరికీ లేదు.

జహీరాబాద్ పరిసరాల్లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు జొన్న, కొర్ర, పప్పుదినుసులు కలిపి పండించి, విత్తనం తామే దాచుకుని, 1990ల్లోనే ఆ ధాన్యాన్ని ఊళ్లో పేదలకు రేషన్‌గా ఇచ్చారు. వాళ్లకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. కానీ మన సేకరణ కేంద్రాల్లో ఈ రోజుకూ కాంటా తూగేది వరికే. బోరు మోటారుకు ఉచిత కరెంటు, వడ్లకు మద్దతు ధర, సన్నాలకు తెలంగాణలో క్వింటాలుకు రూ.500 బోనస్. వీటిలో ఏ ఒక్కటీ తీసేయమని మేం అనడం లేదు. రైతు నోటి ముందు కూడు లాగే సంస్కరణ ఏదీ నిలబడదు. అదే భరోసా కొర్రకూ కందికీ ఎందుకు ఉండదనే అడుగుతున్నాం. అంగన్‌వాడీకి, హాస్టల్‌కు, మధ్యాహ్న భోజనానికి ప్రభుత్వమే కొంటే మార్కెట్ కోసం ఎక్కడా వెతకనక్కర్లేదు.

పట్నవాసులకూ ఒక మాట. పొలంలో ప్లాస్టిక్ సంచి చూస్తే కోప్పడే మనం తడి చెత్తా పొడి చెత్తా ఒకే బుట్టలో వేస్తున్నాం. నేలకు ఎరువు కావాల్సిన తొక్కలూ మెతుకులూ డంపింగ్ యార్డులో పొగై మనకే తిరిగొస్తున్నాయి.

ఇప్పుడు చేయాల్సిన పని కొంత బడ్జెట్‌లో ఉంది, కొంత అసెంబ్లీలో ఉంది. ఎరువు తగ్గించిన ఎకరాకు ఆదా అయిన సబ్సిడీలో వాటాను సాగు చేసిన మనిషి ఖాతాలోనే వేయాలి. మొదటి రెండేళ్ల దిగుబడి తగ్గుదలకు బీమా ఉండాలి. తొలకరికి ముందు చల్లే నవధాన్యాల విత్తనం వాన పడ్డాక కాకుండా మే నెలలోనే ఊరికి చేరాలి. ఇవన్నీ కౌలు రైతుకు అందాలంటే ముందు ఆ యజమాని సంతకం షరతు పోవాలి. కొత్త కౌలు చట్టం మాట ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వినిపిస్తూనే ఉంది. వచ్చే ఖరీఫ్ కార్డుల పంపిణీ మొదలయ్యేలోగా ఆ బిల్లును సభలో పెట్టాలి.