వ్యాగ్-5కి మాసికం

కోరాపుట్ స్టేషను చివర, ప్లాట్‌ఫారం సిమెంటు అయిపోయి కంకర మొదలయ్యే చోట, వానాకాలం వచ్చిందంటే రైలింజిన్ల అభిమానుల శోకసభ మొదలవుతుంది. మెడలో కెమెరా, చంకలో గొడుగు, ముఖాన పదోరోజు కళ. కొత్తవలస–కిరండూల్ లైను మీద ఇనుపరాయి గూడ్సులు లాగిన పాతతరం కరెంటు ఇంజిన్లు, వ్యాగ్-5లు, కరువైపోయాయని ఆ దుఃఖం. ఎదురుగా కొత్తతరం వ్యాగ్-9 ఇంజిన్ల జోడీ లోడుబండిని ఈడ్చుకుపోతున్నా తల తిప్పరు. "దానికి ప్రాణం లేదండీ, కుయ్యిమని ఈలేసి పోతుంది" అని పెదవి విరిచి, టీ గ్లాసులోకి చూస్తారు.

చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఈ దుఃఖాన్ని కొట్టిపారెయ్యడం అన్యాయం. ఏం పోయిందో సరిగ్గా లెక్క రాసి, అదంతా తిరిగి ఇప్పించమని పైవాళ్ళకి అర్జీ పెట్టడమే న్యాయం. ఆ లెక్క రాయడానికే ఈ శ్రమ.

ముందు చప్పుడు. శిమిలిగుడ దగ్గర లైను 996 మీటర్ల ఎత్తుకి చేరి, అక్కణ్ణించి శృంగవరపుకోట వైపు ఘాట్‌లోకి జారుతుంది. వాలు 60కి 1. లోడుబండి అక్కడ దిగుతుంటే రియోస్టాటిక్ బ్రేకు ఉన్న వ్యాగ్-5 ఒక కేక పెట్టేది. అభిమానులు దాన్ని ఏనుగు ఘీంకారమన్నారు, ఫోన్లలో రింగ్‌టోన్లు చేసుకున్నారు. అసలు సంగతేమిటంటే, బ్రేకు వేసినప్పుడు చక్రాలు తిప్పే ట్రాక్షన్ మోటార్లే జనరేటర్లైపోతాయి. అవి పుట్టించిన కరెంటుని రెసిస్టెన్సుల్లోకి పంపి కాల్చేస్తారు. ఆ రెసిస్టెన్సులు కరిగిపోకుండా గాలి కొట్టేది ఎమ్‌వీఆర్‌ఎఫ్ అనే బ్లోయరు. దానికి మేత కూడా ఆ బ్రేకు కరెంటే కాబట్టి బ్రేకు బిగిసేకొద్దీ కేక పెరుగుతుంది. అంటే ఘీంకారం ఎంత గొప్పగా ఉంటే అంత కరెంటు కొండగాలిలో కలిసిపోతున్నట్టు. వ్యాగ్-9 దాన్ని నోరెత్తకుండా పై తీగలోకి తిరిగి పంపేస్తుంది, దగ్గర్లో ఖాళీ బండి ఏదైనా ఎక్కుతుంటే అది వాడుకుంటుంది. ఇంత పిసినారితనం మన సంప్రదాయంలో లేదు. దీపావళికి టపాసులు కాల్చేవాళ్ళం, ఇనుపరాయి బండికి కాల్చలేమా?

రెండోది చక్రాల జారుడు. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే సభలో కళ్ళు తుడుచుకునేది ఇక్కడే. జయపురం నుంచి కోరాపుట్‌కి లోడుబండి ఎక్కాలి. ఛత్రిపుట్, మాలిగుడ, జరటి, మనబార్, ఇవన్నీ ఎక్కుడే. జోరువాన పడితే భయం లేదు, పట్టాలు కడిగినట్టుంటాయి. సన్నజల్లు పడాలి, లేదా తెల్లవారి మంచు కురవాలి. పట్టా మీద రాలిన రాతిదుమ్ము, చక్రం కింద నలిగిన ఆకు, ఆ తడి కలిసి పిండికట్టు తయారవుతుంది. ఆముదం పూసినట్టే. ఒక ఇరుసు పట్టు తప్పి గిర్రున తిరగ్గానే దాని మోటారు లాగే కరెంటు పడిపోతుంది. జతమోటారుకీ దానికీ 125 ఆంపియర్ల తేడా వస్తే, దాన్ని పసిగట్టే క్యూడీ రిలే లేస్తుంది. దీపం వెలుగుతుంది, పట్టు కోసం పట్టా మీద ఇసుక దానంతటదే పడుతుంది, నాచ్‌లు, అంటే లాగుడు పెంచే మెట్లు, వాటంతటవే దిగుతాయి. నాచ్ దిగితే లాగుడు తగ్గుతుంది. లాగుడు తగ్గితే వెనక వేల టన్నులు వెనక్కి పిలుస్తాయి. లోకో పైలట్ మళ్ళీ ఒక్కో నాచ్ కొడతాడు, మళ్ళీ జారుతుంది. ఇంతలో ఇసుక పెట్టె మూత సరిగ్గా పడక లోపల తడి చేరి ఉంటే ఇసుక ముద్దకట్టి గొట్టంలో బిగుసుకుంటుంది. అప్పుడు అసిస్టెంటు దిగి, సుత్తితో గొట్టాన్ని కొట్టుకుంటూ ఇంజిను పక్కన నడవాలి. నడిచే మనిషి కంటే బండి ముందుకి పోదు కాబట్టి ఫొటో మాత్రం దివ్యంగా వస్తుంది. గంటకి 5 కిలోమీటర్ల వేగంలో షట్టరు తప్పే ప్రసక్తే లేదు. వ్యాగ్-9 తన కింది ఒక్కో చక్రాల చట్రం లాగుడుని క్షణంలో సవరించుకుని పోతుంటే ఫొటోగ్రాఫరుకి మిగిలేది వెనక బ్రేకువాను.

మూడోది జీఆర్, అంటే మోటార్లకి వోల్టేజి మెట్టుమెట్టుగా పెంచే ట్యాప్ ఛేంజరు. 32 నాచ్‌లు, నాచ్‌కొక టక్కు. ఈ టక్కుల్ని తాళంతో పోల్చి కవిత్వం రాసినవాళ్ళున్నారు. జీఆర్ రెండు నాచ్‌ల మధ్య ఇరుక్కుంటే ఆర్‌జీఆర్ అనే రెసిస్టెన్సు కాలిపోతుంది. అది కాలకుండా 0.6 సెకన్లు దాటగానే క్యూ44 రిలే డీజేని, అంటే ఇంజిను మెయిన్ బ్రేకర్ని, పడేస్తుంది. ఎర్రదీపం వెలిగి, బ్లోయర్లన్నీ ఒక్కసారిగా గొంతు దించి, బండి సొరంగంలో ఆగుతుంది. జీఆర్‌ని తిప్పే సర్వో మోటారులో గాలి తక్కువైందా, ఇంకేమైనానా అని చూసి, కుదరకపోతే అసిస్టెంటు కారిడార్లో కూర్చుని జీఆర్‌ని చేత్తో తిప్పాలి. లోకో పైలట్ "ఒకటెక్కించు" అంటే ఒకటి, "దించు" అంటే ఒకటి. మే నెలలో, ఏసీ లేని ఇంజిన్లో, ట్రాన్స్‌ఫార్మరు పక్కన. తాళం అంటే అదే మరి. వ్యాగ్-9లో తెర మీద మెసేజి వస్తుంది, కంట్రోలు ఆపి మళ్ళీ వేస్తే సగం రోగాలు కుదురుతాయి. ఇందులో కవికి ఏం మిగిలింది?

ఇంజిన్లో మరుగుదొడ్డి లేకపోవడం గురించి సభలో ఎవరూ కన్నీరు పెట్టలేదు. ఎందుకో తెలియదు.

శోకవర్గంలో అగ్రకులం ఒకటుంది. వారి దుఃఖం వ్యాగ్-6 గురించి. మొత్తం 18 ఇంజిన్లు, 1980ల చివర్లో వచ్చాయి. స్వీడన్‌లోని ఏసియా అనే కంపెనీవి 6, జపాన్ హిటాచీ వాళ్ళవి 12. ఆరువేల పైచిలుకు హార్స్‌పవరు. బైలాడిలా గనుల ఇనుపరాయి విశాఖ రేవు మీదుగా జపానుకి వెళ్తే, అక్కణ్ణించి ఇంజిను వచ్చి వాల్తేరు షెడ్డులో దిగిందన్నమాట, వియ్యాలవారి సారెలాగ. 18 మందే ఉన్న వంశానికి విడిభాగం కావాలంటే అటు సముద్రం దాటాలి, లేదా పక్కదాన్ని కోసి తియ్యాలి. ఈ రెండో పద్ధతిని వారు "అవయవదానం" అని గౌరవంగా పిలుస్తారు.

కావున అర్జీ. ఘాట్ దిగే ప్రతి వ్యాగ్-9కీ ఎమ్‌వీఆర్‌ఎఫ్ కేక వినిపించే లౌడ్‌స్పీకర్లు రెండు బిగించాలి. జరటి, మాలిగుడల మధ్య సన్నజల్లు పడని రోజుల్లో పట్టాలకి ఆముదం పుయ్యాలి. క్యాబులో ఏసీ తీసేసి, కారిడార్లో చేత్తో తిప్పే చక్రం ఒకటి, దేనికీ తగిలించకపోయినా, పెట్టాలి. దాని దగ్గర కూర్చునే డ్యూటీ వంతులవారీగా సభ్యులకే ఇవ్వాలి, మే నెలతో మొదలుపెట్టి.

జతపరచినవి: రింగ్‌టోను ఒకటి, ముద్దకట్టిన ఇసుక అరకిలో, సుత్తి ఒకటి. సభ్యుల సంతకాల కాగితం ఇంకా ఖాళీగానే ఉంది. మే నెల అన్న మాట చదవగానే అందరికీ లైటింగు బాగుందని గుర్తొచ్చి మాలిగుడ సొరంగం వైపు వెళ్ళారు.