వాటా అడిగిన చెల్లెలికి వాక్యం చెప్పాను

పోయిన నెల మన చర్చి సంఘంలో, మనిషి పోయిన ఇంటివాళ్లను ఓదార్చడానికి జరిగిన ఆదరణ కూడికకు మీలో చాలామంది వచ్చారు. కాబట్టి ఎవరి గురించి రాస్తున్నానో చెప్పక్కర్లేదు, చెప్పను కూడా. ముందు వరసలో ఆమె కూర్చుంది. భర్త పోయి రెండు నెలలు కాలేదు. ఆయన పేరున ఉన్నదాంట్లో ఆమెకెంత, ఆయన తమ్ముళ్లకెంత అన్న గొడవ నడుస్తోందని హాల్లో అందరికీ తెలుసు. వాక్యం చెప్పడానికి వచ్చినాయన చెవిలో కూడా ఎవరో వేసే ఉంటారు.

ఆయన బైబిల్లో పేతురు రాసిన మొదటి పత్రిక తీశారు. "అక్షయమైనదియు, నిర్మలమైనదియు, వాడబారనిదియునైన స్వాస్థ్యము" అని, అంటే పరలోకంలో మనకు దొరికే వారసత్వపు ఆస్తి గురించి, చదివి, బైబిలు మూసి, ఆమె వైపే చూస్తూ అడిగారు: "అమ్మా, పైన అంత ఆస్తి పెట్టుకుని ఇక్కడ దీనికోసం పోట్లాడతామా?" హాలంతా ఆమెన్ అంది. మరుదులిద్దరూ కాస్త గట్టిగానే అన్నారు.

ఆమె చేతిలో ఆరోజు కార్యక్రమం కాగితం ఉంది. దాన్ని సగానికి మడిచింది, మళ్లీ సగానికి మడిచింది. ఇక మడత పడనంత చిన్నదయ్యాక గుప్పిట్లో పెట్టుకుంది.

నేనూ ఆమెన్ అనబోయాను. నోరు పెగల్లేదు. ఆ ప్రసంగం నేను ఇదివరకే ఒకసారి చేసి ఉన్నాను.

నాన్న పోయాక ఇల్లు నా పేరు మీదికి వచ్చింది. "పెద్దవాడు వాడే కదా" అన్న ఒక్క మాట మీద వచ్చింది. అమ్మానాన్నల్ని చివరిదాకా కనిపెట్టుకుని ఉన్నది చెల్లెలు. నేను ఇక్కణ్ణుంచి, ఈ పరాయి దేశం నుంచి, వీడియో కాల్‌లో ప్రార్థన చేసేవాణ్ణి. అవి కొంచెం పొడుగు ప్రార్థనలు. అమ్మ మందులేసుకునే టైము దాటిపోతోందని చెల్లెలు మధ్యలో దగ్గేది.

ఒకరోజు తనే ఫోన్ చేసింది. అవీ ఇవీ మాట్లాడి, "అన్నయ్యా, ఆ ఇంట్లో నా వాటా సంగతి ఏమైనా ఆలోచించావా?" అంది. నాకు చటుక్కున వాక్యం గుర్తొచ్చింది. అలాంటప్పుడు భలే గుర్తొస్తుంది. "మన స్వాస్థ్యం పరలోకంలో ఉందమ్మా, ఈ నాలుగు గోడల కోసం మనసు పాడుచేసుకోకు" అన్నాను. తను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "సరే అన్నయ్యా. వదిన ఎలా ఉంది?" అంది. అంతే. తిట్టినా బాగుండేది.

పరలోకం మీది ఆ నిరీక్షణను, ఆ ఆశను నేను తక్కువ చేయడం లేదు. అమ్మ ఆఖరి రోజుల్లో అదే వచనం పట్టుకుని ఉంది. మాట రానప్పుడు కూడా ఆ పేజీ మీద వేలు పెట్టి ఉంచేది. అది ఉత్త ఓదార్పు మాటే అయితే అమ్మ ముఖంలో ఆ నెమ్మది వచ్చేది కాదు. పైగా పేతురు ఆ పత్రిక రాసిందే మనలాంటివాళ్లకి. పొంతు, గలతియ, కప్పదొకియ, ఆసియ, బితునియల్లో చెదిరిపోయి పరాయివాళ్లుగా బతుకుతున్నవాళ్లకి.

హెబ్రీ పత్రిక 10వ అధ్యాయంలో ఇంకో మాట ఉంది. ఆ విశ్వాసులు తమకు పైన స్థిరమైన ఆస్తి ఉందని ఎరిగి, ఉన్నది పోగొట్టుకోవడానికి సంతోషంగా ఒప్పుకున్నారట. గొప్ప మాట. అయితే వాళ్లను అలా మెచ్చుకున్నవాడు వాళ్ల ఆస్తి లాక్కున్నవాడు కాదు. నేను చెల్లెలితో మాట్లాడినప్పుడు ఇంటి కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. నిజానికి అమ్మ బైబిల్లోనే ఉన్నాయి. ఎవరూ కదపరని అమ్మ వాటిని అందులో దాచేది. అమ్మ గుర్తుగా ఉంటుందని ఆ బైబిలు నేను తెచ్చుకున్నాను.

కూడిక అయ్యాక కమిటీలో ఒక పెద్దాయనతో ఈ మాట కదిపితే, "పంచిపెట్టువానిగా నన్నెవడు నియమించెను అని ప్రభువే అన్నాడు కదా" అన్నారు. అన్నాడు యేసు, లూకా సువార్త 12లో. అక్కడ ఆపకుండా ఇంకాస్త చదవాలి. వెంటనే చెప్పిన ఉపమానం కొట్లు విప్పి ఇంకా పెద్దవి కట్టించాలనుకున్న ధనవంతుడిది. వెఱ్ఱివాడా అనిపించుకున్నది అతనే. సంఖ్యాకాండం 27లో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురూ మోషే ఎదుట, సమాజమంతటి ఎదుట నిలబడి తండ్రి భాగం మాకివ్వమన్నారు. వాళ్లు చెప్పింది యుక్తమే అన్నాడు దేవుడు. లోకాశ గలవాళ్లని వాళ్లనెవరూ అనలేదు. అబ్రాహాము సంగతి చూడండి. దేశమంతా నీదేనని వాగ్దానం ఉండి కూడా, భార్య శారాను పాతిపెట్టడానికి మక్పేలా గుహ ఉన్న పొలాన్ని ఊరివాళ్ల ఎదుట 400 తులాల వెండి తూచి ఇచ్చి కొన్నాడు. పైవాడే ఇచ్చాడు, ఊరికే ఇచ్చేయండి అనలేదు.

పెద్దల్ని ఎదిరించమని ఎవరికీ నూరిపోయడం నా ఉద్దేశం కాదని ముందే రాద్దామనుకున్నాను. ఇప్పుడు రాయబుద్ధి కావడం లేదు. అణకువ అని మనం మెచ్చుకునేదాంట్లో సగం ఆడవాళ్లు నోరు మూసుకోవడమే.

కమిటీవారికి, పాస్టర్లకి ఒక్క మనవి. వచ్చేసారి ఇలాంటి కూడిక పెట్టినప్పుడు ఆ వచనం తప్పక చదవండి. చదివేటప్పుడు కాగితాలు ఎవరి దగ్గరున్నాయో వాళ్ల వైపు చూసి చదవండి. ముందురోజు వాళ్లింటికి వెళ్లి కూర్చుని, ఆమెకి రావలసింది ఏం చేశారని అడగండి. అడిగితే కానుకలు తగ్గుతాయన్న భయం నాకూ తెలుసు, నేనూ రెండేళ్లు ట్రెజరర్‌గా చేశాను.

ఇది పత్రికకు పంపేముందు అమ్మ బైబిల్లోంచి ఆ కాగితాలు తీసి బల్ల మీద పెట్టి, చెల్లెలికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. అక్కడ అర్ధరాత్రి దాటిందని తర్వాత గుర్తొచ్చింది.