అప్పున్నోడికి హెల్మెట్ తప్పనిసరి

నెల్లూరులో అప్పు పుట్టించడం కష్టం కావచ్చేమో గానీ, అప్పు మీద సలహా పుట్టించడం మాత్రం బహు తేలిక. గాంధీబొమ్మ దగ్గర నిలబడి "పదకొండు లక్షల బాకీ ఉంది, ఏం చేయమంటారు?" అని కాస్త గట్టిగా అన్నారనుకోండి, టీ తాగేవాళ్లు గ్లాసులు దించి మరీ వచ్చి చెప్తారు. రూపాయి తీసుకోరు. అప్పిచ్చేవాడు ష్యూరిటీ అడుగుతాడు, సలహా ఇచ్చేవాడు అదీ అడగడు. కొన్ని దేశాల్లో అప్పుల్లో మునిగినవాళ్లకు దారి చెప్పడానికి జీతాలిచ్చి మనుషులను పెడతారంట. పాపం, వాళ్లకు మేనమామలు లేరు కాబోలు.

నా బాకీలు ఎలా పుట్టాయో ఎక్కువ చెప్పను. ఇందుకూరుపేట వైపు స్నేహితుడితో కలిసి రొయ్యల గుంట లీజుకు తీసుకున్నాను, తెల్లమచ్చ తెగులు వచ్చింది, మన జిల్లావాళ్లకు ఇంతకంటే వివరం అక్కర్లేదు. మిగిలినవి ఇవి: రెండు క్రెడిట్ కార్డులు, ఒక పర్సనల్ లోను, కుదవలో మా ఆవిడ బంగారం, ఎప్పుడో పాడేసుకున్న చీటీకి ఇంకా కట్టాల్సిన కంతులు, ఒక ప్రోనోటు, మా షడ్డకుడి దగ్గర చేబదులు. మొత్తం ఏడు.

మా వీధిలో నూటికి మూడు రూపాయల వడ్డీకి తిప్పే ఒక పెద్దమనిషి ఉన్నాడు, ఆయన్ని అందరూ రక్తం తాగేవాడంటారు. కార్డు మీద బాకీ మిగిలిపోతే నెలకు మూడున్నర శాతం, ఒక్కోసారి అంతకు పైన కూడా పడుతుంది, అంటే ఏడాదికి నూటికి నలభై పైమాటే. కానీ కార్డు ఇచ్చినవాళ్లను ఎవరూ ఒక్క మాట అనరు, ఎందుకంటే వాళ్లు రివార్డు పాయింట్లు ఇస్తారు. ఆ పాయింట్లతో నేనొక హెల్మెట్ తెప్పించుకున్నాను. దాని సంగతి తర్వాత.

ప్రోనోటు ఇచ్చినాయన మాత్రం నిజంగా మర్యాదస్తుడు. నోటు రాసిన మూడేళ్లలోపు దావా వేయకపోతే కాలదోషం పడుతుంది కదా, రెండేళ్ల పదకొండు నెలలు నిండగానే పెళ్లిరోజు గుర్తొచ్చినట్టు వస్తాడు. మంచినీళ్లు తాగుతాడు, పిల్లల చదువులు అడుగుతాడు. "ఏదో ఒక వందైనా ఇయ్యబ్బయ్యా, మొత్తం ఇప్పుడే ఎవురడిగారు" అంటాడు. వంద ఇస్తే నోటు వెనక చెల్లు రాయించి సంతకం తీసుకుంటాడు, నోటుకు మళ్లీ మూడేళ్ల ఆయుష్షు. నా జాతకం చూసినవాళ్లెవరికీ ఇంత ఖచ్చితంగా ఆయుష్షు లెక్క తెలియదు.

ఇక సలహాలు. మొదటిది మా షడ్డకుడిది. "బ్రదర్, చిల్లర చిల్లరగా ఇన్ని బాకీలెందుకు, ఒక పెద్ద లోను తీసి అన్నీ మూసెయ్, నెలకు ఒకటే కంతు" అన్నాడు. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. పెద్ద లోను వడ్డీ తక్కువైతే, పాతవన్నీ నిజంగా మూసేస్తే ఇది పనికొచ్చే మార్గమే, కాదనను. నేను లోను తీసుకున్నాను, ముందుగా చేబదులు తీర్చమన్నాడు, తీర్చాను. రెండు కార్డుల బాకీ కట్టాను, కార్డులు ఖాళీ అయ్యాయి. ఖాళీగా ఉన్న కార్డును చూస్తూ ఎంతకాలం ఊరుకుంటారు చెప్పండి? ఆరు నెలల్లో అవి నిండాయి. పెద్ద లోను అలాగే ఉంది, పిల్లవాడి ఫీజుకు షడ్డకుడి దగ్గర మళ్లీ చేబదులు. ఏడు బాకీలు ఒకటవుతాయన్నాడు, ఎనిమిదయ్యాయి.

రెండో సలహా మా మేనమామది, ఆయన మద్రాసు చూసొచ్చిన మనిషి. తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి, "ముందు ఇల్లు నీ పెళ్లాం పేర రాయించు, ఆనక ఐపీ పెట్టు" అన్నాడు.

ఇక్కడ ఐపీ గురించి కొంచెం ఆగాలి. కోర్టులో ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, అప్పులు తీర్చలేనివాడు నా దగ్గరున్నది ఇదీ, నా బాకీలు ఇవీ అని కోర్టు ముందు పెట్టే దరఖాస్తు. వీధిలో ఐపీ అంటే తిట్టు. "వాడు ఐపీ పెట్టాడంట" అన్న వాక్యాన్ని మనవాళ్లు పలికే తీరు చూడండి, హత్య చేసినవాడికి కూడా అంత దీర్ఘం తీయరు. హత్యకైతే ఏదో ఆవేశం అంటారు, ఐపీకి ఆ వెసులుబాటు కూడా లేదు.

ఈ ఐపీకి ఆధారమైన చట్టం 1920 నాటిది, ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ యాక్టు. అప్పటికి నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. ఆ చట్టం ప్రకారం పిటిషన్ పెట్టాలంటే బాకీలు తీర్చలేని స్థితి ఉండాలి, బాకీ కనీసం 500 రూపాయలు ఉండాలి. ఐదు వందలు! నలుగురం హోటల్లో కూర్చుని చేపల పులుసుతో భోజనం చేస్తే బిల్లు వచ్చేలోపే దివాలాకు అర్హత సంపాదించేస్తాం. వందేళ్లలో గుంటల లీజు పెరిగింది, బియ్యం ధర పెరిగింది, ఆ అంకె ఒక్కటే మా తాత ఫొటోలా గోడకు అలాగే ఉండిపోయింది.

మా మామ ఉపాయం సంగతీ ఆ చట్టానికి ముందే తెలుసు. మామ పుట్టకముందే తెలుసు. పిటిషన్‌కు ముందు రెండేళ్లలోపు ఆస్తిని సరైన ప్రతిఫలం లేకుండా ఇంకొకరి పేర రాసేస్తే దాన్ని కోర్టు రద్దు చేయవచ్చని 53వ సెక్షన్. ఈ మాట మామకు చెప్తే, "ఆ సెక్షన్లన్నీ పుస్తకాల్లో ఉంటయ్ లేరా" అన్నాడు. చట్టం పుస్తకాల్లో కాక గుంటల్లో పెరుగుతుందని ఆయన ఉద్దేశం అయ్యుండాలి.

సరే, పాత చట్టం వద్దు, కొత్తది చూద్దాం అనుకున్నాను. 2016లో దివాలా కోడ్ వచ్చింది. కంపెనీలకు అది గట్టిగానే పనిచేస్తోంది, వేల కోట్ల బాకీ ఉన్న కంపెనీ అయితే అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని, బాకీలో ఎంత వదులుకోవాలో గౌరవంగా మాట్లాడుకుంటారు. దాన్ని హెయిర్‌కట్ అంటారు. మనబోటివాడికి ఆ బల్ల లేదు, నేరుగా గుండే. అయితే అదే కోడ్‌లో మామూలు మనుషుల కోసం 'ఫ్రెష్ స్టార్ట్' అని ఒక అధ్యాయం రాసిపెట్టారు, చదివి నాకు కళ్ళు చెమర్చాయి. ఏడాది ఆదాయం 60,000 దాటకూడదు, ఆస్తులు 20,000 దాటకూడదు, అర్హమైన బాకీలు 35,000 దాటకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. అలాంటివాడి బాకీ మాఫీ చేసి కొత్త జీవితం ఇస్తారు. నెలకు ఐదు వేలు వచ్చేవాడికి ముప్పై ఐదు వేలు అప్పు ఇచ్చిన పుణ్యాత్ముడు ఎవరో ముందు వాణ్ని పట్టుకుని సన్మానం చేయాలి.

ఇంతా చెప్పి అసలు సంగతి మరిచాను, ఆ అధ్యాయం ఇంకా అమల్లోకి రాలేదు. వ్యక్తుల దివాలాకు సంబంధించిన ఆ భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీలకు ష్యూరిటీ ఉన్నవాళ్ల వరకే అమలు చేశారు. అంటే నేను కొత్త చట్టంలోకి రావాలంటే ముందు ఒక కంపెనీ మునగాలి, దానికి నేను జామీను ఉండాలి. మా గుంటకు కంపెనీ పేరు పెట్టుకోనందుకు ఇప్పుడు విచారిస్తున్నాను.

చట్టానికి మనసు లేదని మాత్రం అనకండి. బాకీ కట్టాల్సిందేనని కోర్టు డిక్రీ ఇచ్చి జప్తుకు వచ్చినా సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం కొన్ని ముట్టుకోకూడదు: కట్టుబట్టలు, వంట పాత్రలు, మంచం, పరుపు, ఆచారం ప్రకారం ఆడవాళ్లు ఒంటి మీద నుంచి తీయకూడని నగలు. మంగళసూత్రాన్ని ఆ చట్టం బాకీలోళ్ల నుంచి కాపాడింది. మొగుడి నుంచి కాపాడే సెక్షన్ అందులో లేదు, అందుకే ఆ గొలుసు ప్రస్తుతం కుదవలో ఉంది. మా ఆవిడ మెళ్లో పసుపుతాడు. ఈ పేరా మీద హాస్యం ఏమీ తోచడం లేదు, ముందుకు పోదాం.

రికవరీ వాళ్ల ఫోన్లు పొద్దున 8 కంటే ముందు, సాయంత్రం 7 తర్వాత రాకూడదని 2022లో రిజర్వు బ్యాంకు చెప్పింది. నాకు ఫోన్ చేసే కుర్రాడు కూడా ఈ అంకెలు నేర్చుకున్నాడు, కాకపోతే తిరగేసి. వాళ్ల సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు తరఫున ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్‌కు పెట్టుకోవచ్చు, ఖర్చు లేదు. నేను ఫిర్యాదు మెయిల్ పెట్టిన మర్నాటి నుంచి కుర్రాడు నన్ను "సార్" అంటున్నాడు. అంతకుముందు ఏమనేవాడో రాయను.

ఇలా ఉండగా పర్సనల్ లోను విషయంలో రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌కు రమ్మని నోటీసు వచ్చింది. ఇంట్లో ఏడుపులు. కోర్టు ముద్ర చూడగానే మా అమ్మ దేవుడి గదిలోకి పోయింది. మేనమామ ఫోన్ చేసి, "కోర్టు గడప తొక్కావంటే పరువు పోద్దబ్బయ్యా, మన వంశంలో ఎవురూ తొక్కలా" అన్నాడు. అందుకని హెల్మెట్ పెట్టుకుని వెళ్లాను. మే నెల, నెల్లూరు ఎండ, బండి మీద ఏనాడూ పెట్టని హెల్మెట్‌ను బండి దిగాక పెట్టుకుని కోర్టు వరండాలో నిలబడ్డాను. చూస్తే నేనొక్కణ్నే కాదు. నలుగురు హెల్మెట్లలో ఉన్నారు, ఇద్దరు తువ్వాలు చుట్టుకున్నారు, కరోనా పోయి ఇన్నేళ్లయినా మాస్కులు వదలనివాళ్లకు లెక్కే లేదు. ట్రంకు రోడ్డు మీద రాని రహదారి భద్రత ఆ వరండాలో వచ్చింది.

లోపల జరిగింది చాలా మామూలు పని. ఒకావిడ కాగితాలు చూసి, "నీ జీతమెంత, ఇంటి ఖర్చెంత, మొత్తం ఎవరెవరికి ఎంత కట్టాలి?" అని అడిగింది. పదకొండు లక్షల అప్పు మీద పాతికమంది నాకు సలహా ఇచ్చారు, అంకె అడిగిన మొదటి మనిషి ఆవిడే. నా దగ్గర లెక్క రాసి లేదు, సిగ్గేసింది, పెన్ను ఇచ్చి అక్కడే రాయించింది. బ్యాంకు ఆయన కొంత వడ్డీ తగ్గించాడు, మిగతాది కంతులు చేశాడు. కోర్టు ఫీజు లేదు, అక్కడి తీర్పును అవార్డు అంటారు, దాని మీద అప్పీలు ఉండదు. క్రెడిట్ రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది, మళ్లీ లోను దొరకడం కష్టం అని కూడా ముందే చెప్పాడు. ఆయన దాన్ని నష్టంగా చెప్పాడు గానీ, షడ్డకుడి సలహా మళ్లీ వినే ప్రమాదం తప్పిందని మా ఆవిడ సంతోషించింది.

బయటికి వస్తుంటే మూలన ఎర్ర హెల్మెట్ పెద్దాయన ఒకరు గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఆ నడుం మీద చేతులు, ఆ చెప్పులు, నాకు చిన్నప్పటి నుంచి తెలిసినవే.

"మామా!" అన్నాను.

అద్దం కొంచెం పైకెత్తి, "నేను సాచ్చిగా వచ్చా" అన్నాడు. లోక్ అదాలత్‌లో సాక్షుల విచారణ ఉండదు. నేనేమీ అనలేదు, ఆయనా నన్నేమీ అనలేదు, ఇద్దరం హెల్మెట్లు దించుకుని వేర్వేరు గేట్ల నుంచి వెళ్లాం.

ఆ ఏడు మొహర్రానికి రొట్టెల పండగకు పోయాను. స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇంటి రొట్టె అని జనం మార్చుకుంటున్నారు. కోరిక తీరినవాళ్లు తెచ్చి ఇస్తారు, తీరాల్సినవాళ్లు తీసుకుంటారు. అప్పు తీరిన రొట్టె కోసం గంటసేపు తిరిగాను. తీరినవాళ్లు లేక కాదు, నలుగురిలో పిలిచి చెప్పుకోవడానికి నోరు రాక. చివరికి ఒకాయన, చంకలో హెల్మెట్, చుట్టూ చూసి, అడగకుండానే నా చేతిలో ఒక రొట్టె పెట్టాడు.

"తిరిగి తెచ్చి ఇయ్యాల, మర్చిపోబాక" అన్నాడు.

అలవాటు కొద్దీ "ఎన్నాళ్లలో అన్నా?" అని అడిగాను.

"తీరినాక" అన్నాడు.