యుద్ధం గెలిచింది గ్రాంట్, కథ గెలిచింది లీ

వర్జీనియాలో పీటర్స్‌బర్గ్ పక్కన అమెరికా సైన్యానికి ఒక పెద్ద స్థావరం ఉంది. దశాబ్దాల పాటు దాని పేరు ఫోర్ట్ లీ. 1861-65 అమెరికా అంతర్యుద్ధంలో, బానిసత్వం నిలవాలని తిరగబడ్డ దక్షిణ రాష్ట్రాల కోసం, తాను ప్రమాణం చేసిన దేశం మీదే కత్తి దూసిన జనరల్ రాబర్ట్ ఇ. లీ పేరు అది. 2023లో ఆ పేరు తీసేసి ఆర్థర్ గ్రెగ్, ఛారిటీ ఆడమ్స్ అనే ఇద్దరు నల్లజాతి సైనికాధికారుల పేర్లు పెట్టారు. 2025లో బోర్డు మళ్లీ మారింది, ఫోర్ట్ లీ తిరిగి వచ్చింది. తిరుగుబాటు సేనానుల పేర్లకు చట్టం అడ్డు ఉంది కాబట్టి, ఈ లీ వేరని, 1898 నాటి స్పెయిన్ యుద్ధంలో సాహస పతకం పొందిన ఫిట్జ్ లీ అనే నల్లజాతి సిపాయి అని ప్రకటించారు. ఫిట్జ్ లీ నిజంగానే వీరుడు. అంతటి మనిషిని కేవలం ఇంటిపేరు కలిసిందని ముందుకు తేవడం ఆయనకు జరిగిన అవమానం.

సరిగ్గా ఆ ప్రాంతంలోనే 1864 జూన్ నుంచి 1865 ఏప్రిల్ దాకా ఉత్తరాది సేనాని యులిసిస్ గ్రాంట్ తన సేనలతో లీ సైన్యాన్ని కందకాల్లో కట్టిపడేశాడు. ఆ తర్వాత వారం తిరిగేసరికి అపొమాటక్స్‌లో లొంగదీసుకున్నాడు. ఓడినవాడి పేరు నిలపడానికి ఇన్ని తంటాలు. గెలిచినవాడి గురించి అడిగితే యాభై డాలర్ల నోటు మీద బొమ్మ అంటారు, తాగుబోతు అంటారు, సైనికుల ప్రాణాలు లెక్కచేయని కసాయి అంటారు. అమెరికా అంతర్యుద్ధంలో అందరికంటే గొప్ప సేనాని గ్రాంట్ అనీ, యుద్ధాన్ని మలుపు తిప్పింది గెటిస్‌బర్గ్ కాదు, ఆయన గెలిచిన విక్స్‌బర్గ్ అనీ నా వాదన. ఆ సంగతి మనకు సరిగా తెలియకపోవడం వెనుక ఒక పథకం ప్రకారం సాగిన ప్రచారం ఉంది.

గెటిస్‌బర్గ్ కథ అందరికీ తెలిసిందే. 1863 జులై 1 నుంచి 3 వరకు పెన్సిల్వేనియాలో మూడు రోజుల పోరు. రెండు వైపులా కలిపి 50 వేల మందికి పైగా చనిపోవడమో, గాయపడటమో, పట్టుబడటమో జరిగింది. లీ ఓడి వెనక్కి వెళ్లాడు. నవంబరులో అక్కడే లింకన్ చేసిన చిన్న ప్రసంగం ఆ ఊరికి శాశ్వత కీర్తి తెచ్చింది. కానీ ఆ యుద్ధం తర్వాత లీ సైన్యం చెక్కుచెదిరిందే తప్ప చెల్లాచెదురు కాలేదు. నది దాటి ఇంటికి చేరింది. ఇంకో 21 నెలలు పోరాడింది.

అదే వారంలో మిసిసిపీ నది ఒడ్డున ఏం జరిగిందో చూడండి. విక్స్‌బర్గ్ నది మలుపులో ఎత్తైన గట్టు మీద ఉన్న ఊరు. గట్టు మీద ఫిరంగులు, కింద నది, ఉత్తరాన దాటలేని చిత్తడి నేలలు. ఆ ఊరు దక్షిణాది చేతిలో ఉన్నంతకాలం టెక్సాస్, ఆర్కాన్సా, లూసియానాల నుంచి పశువులు, ధాన్యం, మనుషులు నది దాటి తూర్పుకు వస్తూనే ఉంటారు. ఉత్తరాది రైతుల సరుకు నది వెంట సముద్రానికి చేరదు. 1862 చలికాలం నుంచి గ్రాంట్ ఎన్నో దారులు వెతికాడు. కాలువ తవ్వించాడు, కుదరలేదు. వాగుల్లోంచి పడవలు నడిపాడు, చెట్ల కొమ్మల్లో ఇరుక్కున్నాయి. సైనికులు జ్వరాలతో చచ్చిపోతున్నారు. ఈ మనిషిని తీసేయమని పత్రికలు గోల చేస్తున్నాయి.

అప్పుడు వేసిన ఎత్తు యుద్ధ చరిత్రలోనే అరుదైనది. సైన్యాన్ని నది పడమటి ఒడ్డున, లూసియానా బురదలో దక్షిణంగా నడిపించాడు. 1863 ఏప్రిల్ 16 రాత్రి ఉత్తరాది నౌకాదళ సేనాని పోర్టర్ నాయకత్వంలోని నౌకలు విక్స్‌బర్గ్ ఫిరంగుల కిందుగానే దూసుకుపోయాయి. గట్టు మీద మంటలు వెలిగించి మరీ కాల్చారు, అయినా దాదాపు అన్నీ బయటపడ్డాయి. ఏప్రిల్ 30న ఆ నౌకల మీదే సైన్యం బ్రూయిన్స్‌బర్గ్ దగ్గర తూర్పు ఒడ్డుకు చేరింది. అక్కడ దిగితే లోపలికి మంచి దారి ఉందని గ్రాంట్‌కు చెప్పింది ఎవరు? స్థానిక నల్లజాతి మనిషి. ఆ సంగతి గ్రాంటే తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఏ విముక్తి కోసం యుద్ధం జరుగుతోందో ఆ జనమే దానికి దారి చూపించారు. ఈ ఒక్క ముక్క ప్రతి పాఠ్యపుస్తకంలో ఉండాలి.

గ్రాంట్ ఆప్తమిత్రుడు, తోటి సేనాని షెర్మన్ కూడా ఈ పథకం వద్దన్నాడు. శత్రువు నేల మీద, వెనుక నది, సరఫరా అంతంత మాత్రం. అందరూ అనుకున్నట్టు నేరుగా విక్స్‌బర్గ్ మీదికి పోకుండా గ్రాంట్ తూర్పుకు తిరిగాడు. మే 1న పోర్ట్ గిబ్సన్, 12న రేమండ్, 14న రాష్ట్ర రాజధాని జాక్సన్, 16న ఛాంపియన్ హిల్, 17న బిగ్ బ్లాక్ నది. పదిహేడు రోజుల్లో ఐదు యుద్ధాలు, ఐదూ గెలుపులే. దక్షిణాది సేనానులు పెంబర్టన్, జోసెఫ్ జాన్‌స్టన్‌ల సైన్యాలు ఒకదాన్నొకటి కలుసుకోకుండా మధ్యలో దూరి, ఒక్కోదాన్ని విడిగా కొట్టాడు. ఆ తర్వాత కోట మీద జరిపిన రెండు దాడులూ విఫలమయ్యాయి, ముట్టడి మొదలైంది. ఊళ్లోవాళ్లు గట్టులో గుహలు తవ్వుకుని బతికారు, కంచరగాడిద మాంసం తిన్నారు. 47 రోజుల తర్వాత, జులై 4న, సుమారు 29 వేల మంది సైనికులతో పెంబర్టన్ లొంగిపోయాడు. ఐదు రోజులకు దిగువనున్న పోర్ట్ హడ్సన్ కూడా లొంగింది. మిసిసిపీ మొత్తం ఉత్తరాది చేతికి వచ్చింది, దక్షిణ కూటమి రెండు ముక్కలైంది.

ఈ మొత్తం దండయాత్రలో గ్రాంట్ వైపు నష్టం సుమారు పది వేల మంది. తన నష్టానికి మూడు రెట్ల సైన్యాన్ని ఖైదు చేసినవాడిని కసాయి అనడానికి నోరెలా వస్తుంది? గెటిస్‌బర్గ్‌లో ఒక్క మధ్యాహ్నం సుమారు 12 వేల మందిని బయలు పొలంలో ఫిరంగులకు ఎదురుగా నడిపించింది లీ. వద్దని చెప్పిన తన కింది సేనాని లాంగ్‌స్ట్రీట్ మాట వినలేదు. యుద్ధం మొత్తం మీద చూస్తే, తన దగ్గరున్న సైన్యంలో గ్రాంట్ కంటే ఎక్కువ వంతును పోగొట్టుకున్నది కూడా లీయే. విక్స్‌బర్గ్ వార్త అందాక లింకన్ గ్రాంట్‌కు ఉత్తరం రాశాడు. మీ ఎత్తు తప్పనుకున్నాను, మీరే రైటు, నేనే తప్పు అని ఒప్పుకున్నాడు. దేశాధ్యక్షుడు తన సేనానికి అలా రాయడం ఎంత పెద్ద మాట!

గ్రాంట్‌ను తప్పుబట్టేవాళ్ల దగ్గర సరుకు లేకపోలేదు. 1864 జూన్ 3న కోల్డ్ హార్బర్ దాడిలో వేలమంది నేలకూలారు. ఆ దాడికి తాను జీవితాంతం బాధపడ్డానని గ్రాంటే రాశాడు. 1862 డిసెంబరులో తన సైనిక ప్రాంతం నుంచి యూదులందరినీ వెళ్లగొట్టమని ఇచ్చిన ఆదేశం ఆయన మీద చెరగని మచ్చ. లింకన్ దాన్ని వెంటనే రద్దు చేయించాడు. అధ్యక్షుడిగా ఉన్న 1869-77 మధ్య చుట్టూ చేరినవాళ్లు సారాయి పన్నుల సొమ్ము కూడా మింగారు. ఇవన్నీ నిజాలే. అయితే ఇవి చెప్పేవాళ్లలో చాలామంది లీ ఖాతా ఎప్పుడూ తెరవరు. తెరిస్తే తేడా ఎంతో అర్థమవుతుంది.

1859వ సంవత్సరమే తీసుకోండి. గ్రాంట్ అప్పటికి సైన్యం వదిలేసి, సెయింట్ లూయిస్ దగ్గర వ్యవసాయంలో చితికిపోయి, వీధుల్లో కట్టెలు అమ్ముకున్న మనిషి. ఆయన దగ్గర మామగారి నుంచి వచ్చిన విలియం జోన్స్ అనే ఒకే ఒక బానిస ఉన్నాడు. అమ్మితే అప్పులు తీరేవి. గ్రాంట్ అమ్మలేదు, కోర్టుకు వెళ్లి స్వేచ్ఛాపత్రం రాసిచ్చాడు. అదే ఏడాది లీ ఆర్లింగ్టన్‌లో మామగారి ఎస్టేట్ చూస్తున్నాడు. ఐదేళ్లలోగా బానిసలందరినీ విడిచిపెట్టాలని మామ వీలునామా రాశాడు. లీ చివరి రోజు దాకా వాళ్లతో చాకిరీ చేయించుకున్నాడు. పారిపోయి పట్టుబడ్డ వెస్లీ నోరిస్‌ను, అతని చెల్లెలిని, ఇంకొకరిని కొరడాతో కొట్టించాడు. యుద్ధం అయ్యాక నోరిస్ ఇచ్చిన వాంగ్మూలం ఇప్పటికీ ఉంది.

1864 అక్టోబరులో ఖైదీలను మార్చుకుందామని లీ అడిగాడు. నా నల్లజాతి సైనికులను కూడా తెల్లవాళ్లతో సమానంగా ఇస్తారా అని గ్రాంట్ అడిగాడు. మా పౌరుల ఆస్తి అయిన నీగ్రోలు ఆ లెక్కలోకి రారు అని లీ జవాబు. అయితే మార్పిడే లేదని గ్రాంట్ తేల్చేశాడు. మర్యాదస్తుడు, ధర్మమూర్తి అని లీకి బిరుదులిచ్చినవాళ్లు ఈ ఉత్తరాలు ఎందుకు దాస్తారు?

దాచారు కాబట్టే కథ అలా నిలిచింది. లీ 1870లో చనిపోయాడు. ఆయన కింద పనిచేసిన జూబల్ ఎర్లీ 1872లో లీ పుట్టినరోజున చేసిన ప్రసంగంతో ఈ భజన ఊపందుకుంది. లీ ఎన్నడూ నిజంగా ఓడలేదట, ఉత్తరాది మంద బలం ముందు అలసిపోయాడట. యుద్ధం బానిసత్వం గురించి కాదట, రాష్ట్రాల హక్కుల గురించట. గెటిస్‌బర్గ్ పోయింది లాంగ్‌స్ట్రీట్ వల్లట. లాంగ్‌స్ట్రీట్ చేసిన అసలు నేరం వేరే ఉంది. యుద్ధం తర్వాత ఆయన గ్రాంట్ పార్టీలో చేరాడు. 1874లో న్యూ ఆర్లీన్స్ వీధుల్లో నల్లజాతి సిపాయిలకు నాయకుడై, తెల్లజాతి సాయుధ ముఠా మీద పోరాడాడు. అలాంటివాడికి గెటిస్‌బర్గ్ మైదానంలో విగ్రహం పెట్టడానికి 1998 దాకా ఆగాల్సి వచ్చింది. లీకి రిచ్‌మండ్‌లో 1890లోనే గుర్రం మీద బ్రహ్మాండమైన విగ్రహం లేచింది, 2021లో గానీ దిగలేదు. 1894లో మొదలైన దక్షిణాది మహిళల సంఘం ఒకటి ఊరూరా విగ్రహాలు పెట్టించింది. అంతకంటే ముఖ్యంగా, బడి పుస్తకాల్లో ఏముండాలో, ఏముండకూడదో దగ్గరుండి చూసుకుంది. కొన్ని తరాల పిల్లలు ఆ పుస్తకాలే చదివి పెద్దవాళ్లయ్యారు.

ఆ ప్రచారానికి గ్రాంట్ మీద అంత కసి ఎందుకంటే, అధ్యక్షుడిగా కూడా ఆయన వాళ్లను వదల్లేదు. నల్లజాతివారికి ఓటు హక్కునిచ్చిన 15వ రాజ్యాంగ సవరణ 1870లో అమల్లోకి వచ్చింది. న్యాయశాఖ అదే ఏడాది ఏర్పడింది. 1871లో దక్షిణ కరోలినాలోని తొమ్మిది కౌంటీల్లో హెబియస్ కార్పస్‌ను (నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే హక్కును) ఆపేసి, సైన్యాన్ని దించి, నల్లజాతివారి మీద దాడులు చేసే కు క్లక్స్ క్లాన్ ముఠాలను వందల సంఖ్యలో అరెస్టు చేయించాడు. ఆ తరం క్లాన్ నడుం విరిగింది గ్రాంట్ చేతిలోనే. చరిత్రకారుల అంచనా మారడానికి మాత్రం శతాబ్దం దాటింది. అధ్యక్షులకు ర్యాంకులిచ్చే సీ-స్పాన్ అనే అమెరికా టీవీ సంస్థ సర్వేలో 2000లో 33వ స్థానంలో ఉన్న గ్రాంట్ 2021కి 20కి వచ్చాడు.

ఈ యుద్ధంతో మనకేం పని అనుకునేవాళ్లకు రెండు సంగతులు చెప్పాలి. దక్షిణాది రేవులను ఉత్తరాది నౌకలు దిగ్బంధం చేయడంతో ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులకు అమెరికా పత్తి ఆగిపోయింది. భారతదేశ పత్తికి రెక్కలొచ్చాయి. కాకినాడ రేవు పత్తి ఎగుమతులతో కళకళలాడింది అప్పుడే. 1865లో యుద్ధం ఆగగానే ధరలు కుప్పకూలాయి. రెండోది ఇంకా దగ్గరిది. 1873లో జ్యోతిరావు ఫూలే 'గులాంగిరి' ప్రచురించి, బానిసలకు విముక్తి కలిగించిన అమెరికా సజ్జనులకు అంకితమిచ్చారు. శూద్ర సోదరుల విముక్తికి తన దేశస్తులు వారిని ఆదర్శంగా తీసుకోవాలని కోరుకున్నారు. అదే 1873 ఏప్రిల్‌లో లూసియానాలోని కోల్‌ఫాక్స్‌లో తెల్లజాతి మూక డజన్లకొద్దీ నల్లజాతివారిని చంపేసింది. లొంగిపోయినవాళ్లను కూడా కాల్చింది. హంతకులకు పడిన శిక్షను మూడేళ్ల తర్వాత సుప్రీంకోర్టు కొట్టేసింది. ఫూలే చూసిన అమెరికా, కోల్‌ఫాక్స్ అమెరికా రెండూ నిజమే. మన పుస్తకాల్లో మొదటిదానికైనా కాస్త చోటుంది. రెండోదాని ఊసే లేదు.

అందుకే ఈ గొడవ ఏదో దూరపు ముచ్చట అంటే నేను ఒప్పుకోను. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనోల్లో, ఉత్తర వర్జీనియాలో మన తెలుగు పిల్లలు వేలాదిమంది ఈ పాఠమే చదువుతున్నారు. టెక్సాస్ పాఠ్యప్రణాళికలో 2018 దాకా అంతర్యుద్ధానికి కారణాల వరసలో ప్రాంతీయ భేదాలు, రాష్ట్రాల హక్కులు ముందుండేవి, బానిసత్వం చివర ఉండేది. బానిసత్వ విస్తరణదే కేంద్ర పాత్ర అని ఆ ఏడాది రాష్ట్ర విద్యా బోర్డు ఎట్టకేలకు మార్చింది. అయినా రాష్ట్రాల హక్కులు, ప్రాంతీయ భేదాలు జాబితాలోంచి పోలేదు. 2024లో వర్జీనియాలోని షెనండోవా కౌంటీ స్కూల్ బోర్డు, నాలుగేళ్ల కింద తీసేసిన తిరుగుబాటు సేనానుల పేర్లను మళ్లీ బడులకు పెట్టింది. ఈ బోర్డుల్లో కూర్చునేవాళ్లు ఓట్లతో గెలిచి వస్తారు. ఆ ఎన్నికల్లో ఓటు హక్కున్న మనవాళ్లు గణితం ఒలింపియాడ్ల గురించి, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సుల గురించి బోర్డులను ఎన్నో ప్రశ్నలు అడుగుతారు. సోషల్ పాఠం గురించి కూడా అడగాలి. 1861లో విడిపోతూ టెక్సాస్ తన చేత్తో రాసుకున్న ప్రకటన ఉంది. నల్లజాతి బానిసత్వం కలకాలం సాగాలని అందులో ఏ దాపరికం లేకుండా రాశారు. పిల్లలకు వేరే వ్యాఖ్యానం అవసరం లేదు, ఆ కాగితాన్నే క్లాసులో చదివించమని అడగండి.