రేడియేటర్ ఏదని అడిగినాయనకు దండం పెట్టాలి

మిర్యాలగూడలో మా ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ హాల్లో బల్ల మీద నేను చేత్తో చేస్తున్న రేసు కారు మోడల్‌ను చూసి అడిగే మొదటి మాట: "ఇది నడుస్తదా అన్నా?" రెండోది, "ఎంత పడ్డది?" మూడోది, "అమ్మితే ఎంతొస్తది?" నడవదు. అమ్మను. ఖర్చు సంగతి మా ఆవిడ ఇంట్లో ఉండగా చెప్పను.

తెలియక అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. తెలిసినవాళ్లు కూడా అంతకు మించి అడగరే, అదీ నా బాధ. ఈ మధ్య ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఎగ్జిబిషన్ అంటే పరిచయస్తులు పిలిచారని కారును తీసుకెళ్లాను. "వర్కింగ్ మోడల్ కాదు కదండీ" అని వాటర్ ఫిల్టర్ పక్కన మూలకు పెట్టించారు. మెయిన్ టేబుల్ నిండా రిమోట్ కార్లు. ప్రైజ్ కొట్టింది డబ్బాలో వచ్చిన కిట్. స్క్రూలు బిగించి, పైన కాలేజీ స్టిక్కర్ వేశారు, అంతే. అందులో స్టీరింగ్ తిప్పే సర్వో మోటార్ ఏ రాడ్డును లాగుతుందని అడిగితే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లననేం లాభం, ఫైనలియర్ ప్రాజెక్టులే హైదరాబాద్ పోయి కొనుక్కొచ్చే రోజులు. మార్కులేసే సారు కూడా ఆ ప్రశ్న అడగలేదు చూడండి, అక్కడ మండింది నాకు.

నేను చేస్తున్నది టాప్ ఫ్యూయల్ డ్రాగ్‌స్టర్, అంటే డ్రాగ్ రేసుల్లో అన్నిటికన్నా వేగమైన తరగతి కారు, ఎనిమిదో వంతు స్కేలులో. డ్రాగ్ రేస్ అంటే మలుపుల్లేని రేసు. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి, పచ్చ లైటు పడగానే తిన్నగా దూసుకుపోవడమే. మొదట్లో దూరం పావు మైలు, అంటే 1,320 అడుగులు. 2008లో స్కాట్ కలిట్టా అనే రేసర్ ట్రాక్ మీద ప్రమాదంలో చనిపోయాక ఈ తరగతి కార్లకు 1,000 అడుగులకు తగ్గించారు. ఆ వెయ్యి అడుగులూ నాలుగు సెకన్లలోపే అయిపోతాయి. చివరికొచ్చేసరికి వేగం గంటకు 500 కిలోమీటర్లు దాటుతుంది. "అద్దంకి రోడ్డు మీద రాత్రిపూట పోరగాండ్లు చేసేది గిదే గదా బావా" అంటాడు మా బామ్మర్ది. కాదురా నాయనా. రోడ్ల మీద అలా ఎగబడే కుర్రాళ్లను ట్రాక్ మీదికి, రూల్స్ కిందికి తేవాలనే 1951లో వాలీ పార్క్స్ అమెరికాలో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్) అనే సంస్థ పెట్టాడు.

అసలు కారులో ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య 300 అంగుళాలు. ఎనిమిదితో భాగిస్తే 37.5, మూడడుగుల పైమాటే. అరచేతిలో పట్టేది చేసుకోక ఇంత పెద్దది ఎందుకంటారు. ఇరవై అయిదో వంతు కారులో ఇంజిన్ పక్కన ఒక నల్ల దారం అతికించి ఫ్యూయల్ పైపు అంటే నమ్ముతారు. ఎనిమిదో వంతులో ఆ పైపు ఏ ట్యాంకులో మొదలై ఏ పంపులోకి పోయిందో చూసేవాడికి కనిపిస్తుంది. కాబట్టి అతికించే ముందు నాకు తెలిసి ఉండాలి. సిలిండర్లు ఎనిమిదే, ప్లగ్గులు మాత్రం పదహారు, వాటికి నిప్పురవ్వ పుట్టించే కరెంటు ఇవ్వడానికి రెండు మాగ్నెటోలు. ఈ సంగతి తెలుసుకున్నాకే వైర్లకు చెయ్యి పెట్టాను. అవి పాత ల్యాండ్‌లైన్ కేబుల్‌లోవి. సన్న పైపులు ఫ్రిజ్ మెకానిక్ దగ్గర తెచ్చిన క్యాపిలరీ ట్యూబు. ఇంజిన్‌లోకి గాలి తోసే బ్లోయర్‌ను తిప్పే పళ్ల బెల్టు జెరాక్స్ మిషన్‌ది.

చాసిస్ ఇత్తడి కడ్డీలతో. వెల్డింగ్ షాపాయన "ఇంత సన్నగుంటే కరిగిపోతది" అని చేతులెత్తేశాడు. చేసిపెట్టింది మా బజారులో బంగారప్పని చేసే అవుసలాయన. వెలిగారం అద్ది, టంకం వేసి, ముందు వేసిన అతుకు వేడికి ఊడకుండా దాని మీద తడి గుడ్డ చుట్టి, ఒక్కో అతుకూ అలా పెట్టాడు. అది పట్టుకుని "ఇది దేనికి" అని ఒక్కసారి కూడా అడగలేదు. "ఈ మూల మీద బరువెంత పడుద్ది?" అని మాత్రం అడిగాడు.

బరువు మాటొచ్చింది కాబట్టి చెప్తాను. ఎనిమిదో వంతు కారంటే బరువూ ఎనిమిదో వంతు అనుకుంటారు చాలామంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కదా, అది 512వ వంతు అవుతుంది. వెయ్యి కిలోలు దాటే కారు రెండు కిలోలకు దిగుతుంది. దీంతో వచ్చిన తిప్పలు టైర్ల దగ్గర తెలుస్తాయి. అసలు కారు వెనక టైరు 36 అంగుళాల ఎత్తు, అందులో గాలి చాలా తక్కువ. నిలబడి ఉన్నప్పుడు కింద నలుగుతుంది, బయల్దేరేటప్పుడు పక్కన ముడతలు పడుతుంది, వేగం అందుకున్నాక సాగి నిటారుగా లేస్తుంది. నా టైరు నాలుగున్నర అంగుళాలు. మిల్లు సామాన్ల షాపులో దొరికే రబ్బర్ షీటును బిళ్లలుగా కోసి, అతికించి, లేత్ మీద ఎమెరీ పేపర్‌తో అరగదీసింది. రెండు కిలోల బరువుకు అది నలగమన్నా నలగదు. అందుకే అడుగున చెక్కి, పక్కన ముడతలు చేత్తో గీశాను. ఈ తరగతి కారుకు గుండ్రటి టైర్లు బిగించి నిలబెట్టిన మోడల్ ఎంత మెరిసినా నాకు ఆనదు.

డ్రైవర్ సీటు కూడా అంతే. 1970లో డాన్ గార్లిట్స్ అనే రేసర్ కారులో ట్రాన్స్‌మిషన్ పేలి ఆయన కుడి పాదంలో కొంత భాగం పోయింది. అప్పటిదాకా ఎక్కువ కార్లలో ఇంజిన్ ముందు, మనిషి వెనక. ఆయన కోలుకుని ఇంజిన్‌ను వీపు వెనక్కి నెట్టిన కారు కట్టి 1971లో గెలిచి చూపించాక మిగతావాళ్లూ అదే బాట పట్టారు. ఇది తెలియకుండా అరవైల నాటి కారని పేరు రాసి ఇంజిన్ వెనక పెడితే ఎట్లా?

ఆ ఎగ్జిబిషన్‌లోనే, సాయంత్రం సర్దుకునేటప్పుడు, కాలేజీ జనరేటర్ చూడటానికొచ్చిన మెకానిక్ ఒకాయన వచ్చి నిలబడ్డాడు. ట్రాక్టర్ ఇంజిన్లు కూడా విప్పుతాడట. చాలాసేపు చూసి, "అన్నా, దీనికి రేడియేటర్ ఏదే?" అన్నాడు. ఆ రోజు మొత్తంలో వచ్చిన ఒకే ఒక్క సరైన ప్రశ్న. లేదు తమ్మీ, ఈ ఇంజిన్ బ్లాక్‌లో నీళ్లు తిరిగే దారులే ఉండవు. తాగేది పెట్రోల్ కాదు, తొంభై శాతం నైట్రోమీథేన్, మిగతాది మిథనాల్. ఒక్క పరుగుకు నలభై లీటర్లకు పైనే పోస్తారు, ఆ పోసిన ఇంధనమే వేడిని కొంత లాగేస్తుంది. ఎలాగూ సెకన్ల పనే, పరుగు కాగానే ఇంజిన్ మొత్తం విప్పి మళ్లీ కడతారు. "అంటే మా ట్రాక్టర్ లెక్క పొద్దంతా దున్నేది లేదన్నట్టు" అన్నాడు. తర్వాత పొగ గొట్టాలు పైకెందుకు తిప్పారని అడిగాడు. పొగ పైకి తన్నితే కారు నేలకు అదుముకుంటుందని చెప్తే, చెయ్యి అడ్డం పెట్టి గాలి ఎటు పోతుందో ఊహించుకుని తలూపాడు. మార్కులు ఆయన చేత వేయించాల్సింది.

3డి ప్రింటర్ల మీద నీకు కుళ్లు అని కామెంట్ పెట్టేవాళ్లు రెడీగా ఉంటారని తెలుసు. ప్రింటర్ కూడా లేత్ లాంటి పనిముట్టే. నెట్‌లో ఎవరో గీసిన ఫైలు దించి, ప్రింట్ తీసి, రంగు పూసి, "స్క్రాచ్ బిల్ట్", అంటే మొదటి నుంచీ సొంతంగా చేసింది, అని రాసుకోవడం మీదే నా గొడవ. ఆ ఫైలు గీసినవాడు తప్పు కొలత పెడితే ఆ తప్పు కూడా ప్రింటవుతుంది, అడిగితే జవాబుండదు. మీరే కొలిచి, మీరే గీసి ప్రింట్ తీయండి, చేతిపనిలో అదీ ఒకటని నేనే నలుగురికీ చెప్తాను.

అన్నట్టు, పదహారు ప్లగ్గు క్యాపులు రాగితో చేస్తుంటే ఏ రెండూ ఒక్కలా రావట్లేదు. డ్రాయింగ్ నేను కొలతలతో సహా గీసి పెట్టాను. నల్లగొండ, సూర్యాపేట వైపు రెజిన్ 3డి ప్రింటర్ ఉన్నవాళ్లెవరైనా ఉంటే మెసేజ్ చేయండి, ఖర్చులు నావే.