ఆరు నెలల ఈఎంఐ

పోయిన డిసెంబర్‌లో వైజాగ్ వెళ్లినప్పుడు, ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ మా మేనల్లుడు సలహా అడిగాడు. వాడు మొబైల్ యాప్‌లు రాస్తాడు. కంపెనీలో ప్రాజెక్ట్ అయిపోయి మూడు నెలలుగా పని లేకుండా బెంచ్ మీద ఉన్నాడు. ఒక లోన్ యాప్ వాళ్లు రెట్టింపు జీతం ఇస్తామని పిలిచారట. "చేరమంటావా మావయ్యా?"

పనేమిటని అడిగాను. యాప్ వేసుకోగానే ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు వాళ్ల సర్వర్‌కి చేరేలా చూడాలి. ఆ తర్వాత కథ మనకి కొత్తది కాదు. ఐదు వేలు అప్పని చెప్పి, ఫీజు ముందే కోసుకుని మిగతాది చేతిలో పెడతారు. వారం దాటితే అప్పు తీసుకున్నవాడి మేనత్తకీ, ఆఫీసు మేనేజర్‌కీ ఫోన్లు. ఆపైన మార్ఫింగ్ ఫొటోలు. పరువు పోయిందని ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. అప్పులిచ్చే యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోల జోలికి పోకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022లోనే చెప్పింది. అంటే మావాడు రాయబోయేది ఆ బెదిరింపులకి కావాల్సిన ముడిసరుకు.

"నేను కాకపోతే ఇంకొకడు రాస్తాడు" అన్నాడు. రాయనీ అన్నాను. లంచం తీసుకునే గుమాస్తా కూడా ఆ మాటే అంటాడు.

అక్కడితో ఆపేస్తే నాది ఎన్నారై ఉపన్యాసమే. నేను అమెరికా వచ్చిన కొత్తలో కన్సల్టెన్సీ వాళ్లు నా రెజ్యూమెలో మూడేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ కలిపితే నోరెత్తలేదు. వీసా వాళ్ల చేతిలో ఉంది, నాన్న చేసిన అప్పు నా నెత్తిన ఉంది. (ఇక్కడ గొంతు సవరించుకునేవాళ్లు మనలో చాలామందే ఉంటారు లెండి.) వద్దన్నవాళ్లూ లేకపోలేదు. 2018లో డ్రోన్ వీడియోల్ని ఏఐతో జల్లెడ పట్టడానికి అమెరికా రక్షణ శాఖకి చేస్తున్న ప్రాజెక్ట్ మేవెన్ వద్దని గూగుల్ ఉద్యోగులు వేలమంది సంతకాలు పెట్టారు, కొందరు రాజీనామా చేశారు. కంపెనీ ఆ కాంట్రాక్టు పొడిగించలేదు. మెచ్చుకోవాల్సిందే. కానీ గూగుల్ పేరున్న రెజ్యూమెలకి మర్నాడే ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. మావాడికి మధురవాడ ఫ్లాట్ ఈఎంఐ ఉంది. పైగా ఉక్కు ఫ్యాక్టరీ కోసం 1966లో 32 మంది ప్రాణాలు పోయాక ఫ్యాక్టరీ వచ్చిన ఊరది. వచ్చిన ఉద్యోగం వద్దనడం అక్కడ చిన్న మాట కాదు.

ఇలాంటి పని వద్దనాల్సిందే, అందులో నాకు అనుమానం లేదు. అయితే వద్దనడానికి ధైర్యం ఒక్కటీ చాలదు, ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. ఆ వీలు లేకుండా చేస్తున్నది మనమే. ఉద్యోగం రాగానే కారు, ఏడాది తిరక్కుండా ఫ్లాట్. పెళ్లిచూపుల్లో ప్యాకేజీ ఎంత అని అడుగుతాం. ఏం చేస్తే ఆ ప్యాకేజీ వస్తోందని అడిగినవాళ్లని నేనింతవరకూ చూడలేదు.

ఇంటికెళ్లి, ఆరు నెలల ఈఎంఐ నేను పంపుతానని అక్కకి చెప్పాను. అక్క కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఏడో నెల?" అంది. అదీ పంపుతానని అనలేకపోయాను. మా ఆవిడ పక్కనే ఉంది.