మహారాజశ్రీ ఎల్క్ డ్రా గారికి

ఎల్క్ అనే పెద్ద జింకని వేటాడే ట్యాగ్ (అనుమతి) ఎవరికో ఏటా లాటరీ తీసి తేల్చే మహారాజశ్రీ న్యూ మెక్సికో ఎల్క్ డ్రా గారి దివ్య సముఖానికి, రియో రాంచో కాపురస్థుడు, తమరి శాశ్వత దరఖాస్తుదారుడు నమస్కరించి రాసుకున్న విన్నపం. ఇక్కడ అందరం క్షేమం. తమరు క్షేమంగానే ఉంటారు, తమరికేం.

నిన్న మధ్యాహ్నం ఆఫీసు మీటింగ్‌లో ఉండగా రిజల్ట్స్ వచ్చాయని తెలిసింది. కెమెరా ఆపేసి, వెంకన్నని తలుచుకుని, ఇంటర్ రిజల్ట్ చూసుకునే పిల్లాడిలా ఒక కన్ను మూసుకుని చూశాను. 'అన్‌సక్సెస్‌ఫుల్'. తొమ్మిదేళ్లలో ఇది ఎనిమిదోసారి. సరే, అలవాటే. మా ఆవిడ ఆ మాటని ఈమధ్య నా ఇంటిపేరులా వాడుతోంది, దానికీ నేనేం అనుకోను. ఉత్తరం రాసేంత కోపం అప్పటికింకా రాలేదు.

సాయంత్రం ఆరింటికి టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి బావమరిది ఫోన్.

"బావా, అక్టోబర్‌లో మీ ఇంటికొస్తున్నా. ఎల్క్ వేటకి."

ఏ యూనిట్, అంటే వేటకి గీసిన ఏ ప్రాంతం, అన్నాను. హేమెజ్ కొండల్లో, సరిగ్గా నేను మొదటి చాయిస్‌గా పెట్టిన యూనిట్. ఏ తేదీలు అన్నాను. నేను పెట్టిన తేదీలే. గొంతులో తేడా తెలియకుండా గ్లాసుడు నీళ్లు తాగి, "డ్రాలో తగిలిందారా?" అని అడిగాను.

"డ్రా ఏంటి బావా?"

అయ్యా, ఈ ఉత్తరం ఆ మూడు ముక్కల గురించే. వాడు వెటకారానికి అనలేదు. వాడికి నిజంగానే మీరెవరో తెలియదు. జన్మలో రైఫిల్ పట్టుకోలేదు, ఎల్క్ గురించి జింకలో పెద్ద సైజు అన్నంతవరకే తెలుసు, ఎవరో ఫ్రెండుకి తెలిసిన మనిషి ద్వారా ఒక రాంచ్ ఓనర్ దగ్గర ట్యాగ్ మాట్లాడేసుకుని అడ్వాన్స్ కూడా పంపేశాడు. మొత్తం ధర వింటే, ఆ డబ్బుతో ఓ మోస్తరు సెకండ్ హ్యాండ్ కారు వస్తుంది. "నువ్వూ కొనుక్కోవచ్చుగా బావా, ఊళ్లోనే ఉంటావు కదా" అని ఒక సలహా కూడా ఇచ్చాడు.

లాటరీ అంటే నాకు పడదనుకోకండి. అమెరికాలో ఉన్న తెలుగువాడికి లాటరీ గురించి ఒకరు చెప్పాలా? వీసా లాటరీ మార్చిలోనే, మీ దరఖాస్తు గడువూ మార్చిలోనే, ఒకే నెలలో రెండు మొక్కులు మొక్కుకున్న ఇళ్లు మాలో ఉన్నాయి. వీసాకి నేను రెండుసార్లు పోయి మూడోసారి తగిలినవాణ్ణి. తర్వాత గ్రీన్ కార్డ్ క్యూలో పదమూడేళ్లు. ఆ క్యూని తిట్టని తిట్టు లేదు కానీ ఒకటి ఒప్పుకోవాలి, నేను ఏ రోజున వచ్చి నిలబడ్డానో దానికి గుర్తుంది, ప్రయారిటీ డేట్ అని కాగితం మీద రాసి ఇచ్చింది. మీకు ఆ మాత్రం జ్ఞాపకం కూడా లేదు. పక్కన కొలరాడోలో ప్రిఫరెన్స్ పాయింట్లు, ఇటుపక్క ఆరిజోనాలో బోనస్ పాయింట్లు, ఓడిపోయిన ప్రతి ఏడాదీ ఏదో ఒకటి ఖాతాలో పడుతుంది. మీ దగ్గర ఏటికేడాది నేను కొత్త పెళ్లికొడుకునే.

ఇదంతా రాత్రి నిద్ర పట్టక రాసుకున్నది. పొద్దున కాఫీ తాగాక చదివితే నాకే సబబుగా అనిపించలేదు. పాయింట్లున్న చోట మంచి యూనిట్లకి ఇరవై ఏళ్లు పోగేసినా చాలనివాళ్లున్నారు, ఈ ఏడు మొదలుపెట్టిన కుర్రాడికి ఆ క్యూ చివర కనబడదు. మీరు ఎవరి మొహమూ చూడరు కాబట్టే, తుపాకీ పట్టడం నేర్చుకున్న మూడో ఏడాదికే నాకొక ట్యాగ్ తగిలింది. ఆడ ఎల్క్, జనవరి, మోకాలి లోతు మంచు. ఐదు రోజులు తిరిగితే ఒక తోక కూడా కనబడలేదు. దొరకలేదు సరే, ఆ దొరకలేదన్న సంగతిని గడువులోగా రిపోర్టు రాసి పంపాలి, పంపకపోతే మరుసటేడు నా దరఖాస్తుని పక్కన పడేస్తారట. ఏమీ చంపని నేరానికి ప్రమాణపత్రం ఇవ్వడం నాకదే మొదటిసారి.

మీ నాలుగో చాయిస్ గురించి కూడా ఒక మాట. మొదటి మూడూ పోతే రాష్ట్రంలో ఏ మూలన మిగిలినా సరేనా అని అడుగుతారు చూడండి, ఈశాన్యమా, ఆగ్నేయమా, నైరుతా, వాయవ్యమా అని, మొదటిసారి అది వాస్తు ప్రశ్న అనుకున్నాను. ఇంక ఓరిక్స్. ఆఫ్రికా నుంచి తెప్పించి 1969 నుంచి కొన్నేళ్లపాటు వైట్ శాండ్స్ అనే సైన్యం మిసైల్ రేంజ్‌లో వదిలిన పొడుగు కొమ్ముల జంతువు, దానికీ మీ డ్రానే, పైగా రేంజ్ లోపల వేట జన్మకొక్కసారే అని షరతు. ఏ జన్మలోనో చెప్పలేదు.

సరే, అసలు విషయానికొస్తాను.

మీ లెక్క నాకు కంఠతా వచ్చు. డ్రాలో నూటికి 84 ఇక్కడి కాపురస్థులకి, 10 అవుట్‌ఫిట్టర్‌ని, అంటే డబ్బు తీసుకుని వేటకి తీసుకెళ్లేవాణ్ణి, కుదుర్చుకున్నవాళ్లకి, 6 బయటి రాష్ట్రాలవాళ్లకి. ఈ 84 అన్న అంకె చూపించి మొదటి ఏడాది నన్ను మా పక్కింటి పెద్దాయన ఓదార్చాడు. నూటికి 84 మనవే కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. దేంట్లో నూటికి అని అడగాలని అప్పుడు తట్టలేదు. అది డ్రాకి పెట్టిన ట్యాగుల్లో నూటికి. డ్రా గుమ్మం తొక్కకుండా, ప్రైవేటు భూముల మీద ఎల్క్ మేస్తుంది కాబట్టి ఆ భూముల ఓనర్లకిచ్చే ఆథరైజేషన్లు వేరే ఉన్నాయి, ఇల్లంతా ఎక్కాలు చదివినట్టు చదివిన ఆ 84-10-6 వాటికి వర్తించదు. ఓనరు వాటిని తనే వాడుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వొచ్చు, అమ్ముకోవచ్చు. కొన్నవాడు దాని మీది నంబరు చూపించి లైసెన్సు తీసుకుంటాడు. కొన్ని ఆ రాంచ్ వరకే పనికొస్తాయి. కొన్ని యూనిట్ మొత్తానికి, అంటే ఆ యూనిట్‌లోని ప్రభుత్వ అడవిలో కూడా తిరగొచ్చు. బదులుగా ఆ ఓనరు తన రాంచ్‌లోకి మాలాంటి వేటగాళ్లని రానివ్వాలి. రానిస్తాడు సరే, వెళ్లడానికి మా చేతిలో ట్యాగ్ ఉండొద్దా?

మా బావమరిది కొన్నది ఆ రెండో రకం. అంటే నేను తొమ్మిదేళ్లుగా దరఖాస్తు పెట్టుకుంటున్న అదే ప్రభుత్వ అడవిలో, వాడు దర్జాగా అక్టోబర్‌లో నడుస్తాడు.

ఇలాంటి రెండు దారులు మాకు కొత్తేం కాదు. తిరుమలలో ఆర్జిత సేవలకి డిప్ ఉంది, శ్రీవాణి ట్రస్టుకి 10,000 రూపాయలిస్తే బ్రేక్ దర్శనం ఉంది, దాని గురించి మా ఇళ్లల్లో ఎవరికి తోచింది వాళ్లు అంటూనే ఉంటారు. కానీ జేబులో ఏ కాగితమూ లేనివాడికి సర్వదర్శనం లైను ఉంది. పది గంటలు పట్టనీ, ఇరవై గంటలు పట్టనీ, కంపార్ట్‌మెంట్లో కూర్చోబెట్టి పాలూ ఉప్మా పెట్టి, ఆఖరికి స్వామి ఎదుట నిలబెట్టి "జరగండి జరగండి" అని తోసైనా సరే, దర్శనం చేయించి పంపుతారు. ఓపికకి అక్కడ విలువుంది. మీ దగ్గర ఉన్నది డిప్పూ, డబ్బూ. నడవడానికి లైనే లేదు.

రాంచ్ వాళ్ల బాధ నాకు తెలియక కాదు. మగ ఎల్క్ ఒక్కోటి ఏడొందల పౌండ్లు ఉంటుంది, మంద దిగిందంటే గడ్డీ పోతుంది, కంచే పోతుంది. మాది నల్లమల అంచున ఊరు. అడవిపందులు వేరుశనగ చేలో పడితే మా పెదనాన్న మంచె మీద డబ్బా వాయిస్తూ ఎన్ని రాత్రులు గడిపాడో చూసినవాణ్ణి. జంతువు వల్ల నష్టపోయినవాడికి ఏదో ఒకటి ముట్టాల్సిందే, కాదనను. వ్యోమింగ్‌లోనూ భూమి ఉన్నవాళ్లకి లైసెన్సులిస్తారు, కానీ వాళ్లూ వాళ్ల ఇంటివాళ్లే వాడుకోవాలి, సంతలో పెట్టకూడదు. మోంటానాలో అవుట్‌ఫిట్టర్ల కోసం విడిగా పక్కన పెట్టిన లైసెన్సులని 2010లో జనమే ఓటేసి తీయించేశారు. టెక్సాస్ సంగతా, అక్కడ దాదాపు భూమంతా ఎవరో ఒకరిదే, వేట అంటే మొదట్నుంచీ డబ్బు కట్టి గేటు తీయించుకోవడమే. అందులో నాకు తప్పేం కనబడదు, వాళ్లు మార్చి నెలలో నా చేత దరఖాస్తు పెట్టించి, ఫీజు ముందే కట్టించుకుని, 84 శాతం అని జోలపాట పాడరు కదా.

ఇంతవరకూ మర్యాదగానే రాశాను. ఇప్పుడు పక్కింటి పెద్దాయన గురించి చెప్పాలి.

ఆయనకి డెబ్బై రెండేళ్లు. నేను వలసొచ్చినవాణ్ణి. ఆ మాటకొస్తే ఇక్కడి ఎల్క్ కూడా వలసొచ్చినవే, 1900 దాటిన కొన్నేళ్లకే ఈ నేల మీది సొంత మంద అంతరించిపోతే ఎల్లోస్టోన్ వైపు నుంచి తెచ్చి వదిలారు. ఆయన మాత్రం వలస కాదు, వాళ్ల తాతముత్తాతలు ఆ కొండల కిందే పుట్టారు. నాకు రైఫిల్ పట్టడం ఆయనే నేర్పాడు, గాలి ఎటు వీస్తోందో చేతిలో దుమ్ము పోసి చూపించాడు, చచ్చిన జంతువుని కత్తి పెట్టి విప్పేముందు టోపీ తీసి ఒక నిమిషం ఊరుకోవాలని చెప్పాడు. మా ప్రాంతంలో వేట అంటే ఆదివారం కొట్లో వేలాడే మేకపోతని నేను చెబితే పడీపడీ నవ్వాడు. తనకి తగిలిన ఏడాది మాంసంలో సగం మా ఫ్రీజర్‌లో పెట్టి వెళ్లాడు, మా ఆవిడ అల్లంవెల్లుల్లి, గుంటూరు కారం, నిమ్మరసం వేసి పచ్చడి పెడితే, ఇక్కడి హాచ్ మిరపకాయ తప్ప లోకంలో ఇంకో మిరపకాయ లేదనే మనిషి జాడీ అడుగు గీకి తిన్నాడు.

ఆయనకి మగ ఎల్క్ ట్యాగ్ తగిలి ఆరేళ్లయింది. నిన్న ఆయనకీ నాకొచ్చిన మాటే వచ్చింది. మోకాలు అరిగిపోయింది, ఇంకో రెండు మూడు సీజన్లు నడుస్తానేమో అంటాడు. చూడు డ్రా, నీకు ఇది అర్థమవుతుందా? నీకు మోకాళ్లు లేవు. ఆయన కొనే తూటా మీద 1937 చట్టం ప్రకారం 11 శాతం పన్ను పడుతుంది, అది తిరిగి అడవి జంతువులకే పోతుంది, అరవై ఏళ్లుగా కడుతున్నాడు. ఎల్క్ ఎవడి సొంతమూ కాదు, ఈ రాష్ట్రం జనానిది అని బడిలో నేర్పి, ఆ జనంలో ముసలాయనని చీటీల డబ్బా ముందు నిలబెట్టి, ఫ్రిస్కోలో కూర్చుని ఫోన్లో బేరమాడినవాడికి పక్క గుమ్మం తీస్తావా? నువ్వు గుడ్డిదానివని అందరూ మెచ్చుకుంటారు. అందరికీ గుడ్డిదానివైతే నేనూ మెచ్చుకుందును. మాకు మాత్రమే గుడ్డిదానివి నువ్వు. ట్యాగులు ముందు పక్కకి తీసేసి, మిగిలినవి గిన్నెలో పోసి, గంతలు కట్టుకుని కలుపుతూ, చూశారా ఎంత న్యాయమో అంటావా?

క్షమించాలి. నువ్వు అనేశాను. మళ్లీ మార్చి వస్తుంది, తమరితో పని ఉంది.

బావమరిది అక్టోబర్‌లో వస్తాడు. వాణ్ణి ఎయిర్‌పోర్టు నుంచి ఎక్కించుకుని, కొండకి తీసుకెళ్లి, వాడు కొడితే మోయాల్సింది నేనే, వాడికి నడుం నొప్పి ఉందట. పెద్దాయనని కూడా రమ్మన్నాను. ఒక్క క్షణం ఆలోచించి, కుర్రాడికి గాలి చూడటం ఎవరైనా నేర్పాలి కదా అన్నాడు. నేనైతే అనలేకపోదును. ఈలోపు సెప్టెంబర్‌లో ఎప్పటిలాగే మేమిద్దరం సాయంత్రం పూట నాలుగో నంబరు హైవే పక్కన కారు ఆపి, వాయెస్ కాల్డెరా గడ్డిమైదానం అవతల నుంచి మగ ఎల్క్ ఈల వేస్తే వింటాం. ఈల అంటే ఈలా కాదు, తుప్పు పట్టిన గేటు ఎవరో నెమ్మదిగా తీస్తున్నట్టుంటుంది. ఫ్లాస్కులో కాఫీ ఉంటుంది. దానికింకా దరఖాస్తు అడగలేదు తమరు.

ఇట్లు,
తమరి 84 శాతంలో ఒకడు

తా.క.: బావమరిది ఇప్పుడే మళ్లీ ఫోన్ చేశాడు. వచ్చే ఏడాదికి రెండు ట్యాగులు కలిపి తీసుకుంటే ఏమైనా తగ్గిస్తారేమో కనుక్కోమన్నాడు. నన్ను.